మధ్యాహ్నపు నిద్ర

సుల్తానాబాద్,
18 జనవరి 1987

లీలకు,

వదిన జానకి ఆశీస్సులు. నువ్వు, జనార్దన్‌రావు, పిల్లలు బాగున్నారని తలుస్తాను.

నువ్వు రాసిన నాలుగు ఉత్తరాలకూ నీకు అందినవి నిర్మల చేతిరాత కార్డులే. నేను చెబితే ఆమె రాసింది. నేను చెప్పింది కూడా పెద్దగా ఏమీ లేదు. వడ్లు ఇంటికి వచ్చాయి, మోకాలి నొప్పి తగ్గింది, అటువంటివి. ఈసారి నువ్వు, "వదినె, అన్న నీ కలలకొచ్చి ఏమంటుండు?" అని అడిగావు. దీనికి జవాబు తోటికోడలి చేత రాయించలేను. అందుకే మీ అన్న పోయిన ఎనిమిది నెలలకు నేనే కలం పట్టాను. అక్షరాలు వంకర పోతే సర్దుకొని చదువుకో.

మీ అన్న నా కలలోకి రాలేదు. ఒక్కసారి కూడా రాలేదు.

ఆయన ఒక్కరే కాదు, నాకు అసలు కలలే రావడం లేదు. తొమ్మిదింటికి పడుకుంటాను, కళ్లు తెరిస్తే ఐదవుతుంది. మధ్యలో ఏమీ ఉండదు. ఏ పక్కకు తిరిగి పడుకున్నానో ఆ పక్కకే ఉండి లేస్తాను. దుప్పటి మడత చెదరదు. ఏడుపు రాదు. అన్నం తింటాను, ఉప్పు ఎక్కువైందో తక్కువైందో తెలుస్తుంది. అంతవరకే.

మన ఇళ్లల్లో సంగతి నీకు తెలియంది కాదు. పోయినవారు ఏడాది లోపల ఇంటివాళ్లకు కలలో కనిపించి ఏదో ఒకటి అడుగుతారని, అడిగినదాన్ని సంవత్సరికం నాడు దానం ఇవ్వాలని. మరిది లింగారావును చెప్పులు అడిగారట. నిర్మలను జొన్నరొట్టె అడిగారట. పాలేరు సారయ్య కలలోకి కూడా వచ్చి, కాలువ నీళ్లు మడికి ఎందుకు మళ్లించలేదని తిట్టిపోయారట. పొద్దున్న స్నానాలయ్యాక వీళ్లంతా కలలు చెప్పుకుంటారు. చెప్పుకొని నా వైపు చూస్తారు.

మొన్న పక్కింటి శంకరవ్వ వచ్చి గడపలో కూర్చుంది. "మొగడు పోయి యాడాది తిరగకముందే గింత మంచిగ నిద్ర పట్టుడు నేనేడ జూడలే తల్లీ. ఏం మందు మింగుతున్నవో జర మాకూ జెప్పరాదు" అంది. నిర్మలకు కోపం వచ్చింది. నాకు రాలేదు. "మందేం లేదు శంకరవ్వా" అని లోపలికి వచ్చాను.

లింగారావు సంవత్సరికం తిథి చూపించాడు. వైశాఖ శుద్ధ షష్ఠి మే నాలుగున వచ్చింది. ఆనాడు అందరూ తమ తమ కలలు చెప్పాలంటున్నాడు. నీకు పదకొండో రోజున వచ్చిన కల ఆ రోజే విన్నాను గానీ తలకెక్కలేదు. మళ్లీ ఒకసారి వివరంగా రాయి. ఆయన ఎట్లా కనిపించారో తెలుసుకోవాలని ఉంది.

జానకి


శ్రీరాంపూర్,
2 ఫిబ్రవరి 1987

వదినెకు,

నీ లీల దండాలు. కవరు మీద నీ చేతిరాత చూడగానే గుమ్మంలోనే చించి చదివాను. మా ఆయన, "ఎవరి జాబు? గింత మురుస్తున్నవ్, మీ పుట్టింట్ల ఎడ్ల జత కొన్నరా?" అని ఎగతాళి చేశాడు. చదువుతూ చదువుతూ నా మొహం మారేసరికి ఊరుకున్నాడు.

కల రాయమన్నావు. మా క్వార్టరు వరండాలో అన్న ఇనుప కుర్చీ వేసుకొని కూర్చున్నాడు. తెల్ల ధోవతి. గడ్డం నున్నగా చేసి ఉంది. "లీలా, నాకేం బాధ కాలే. నిద్రలనే పోయిన. ఎవరినీ పిలువలే, నాకే తెలువలే" అన్నాడు. చాయ్ పెడతానని లోపలికి పోయి వచ్చేసరికి కుర్చీ ఖాళీ. అంతే వదినె.

నిద్ర ఎక్కువైందని నువ్వు పరేషాన్ కావద్దు. ఈ గని కాలనీకి వచ్చాక నిద్రను గురించి నాకు తెలిసినంత మీ ఊళ్లో ఎవరికీ తెలియదు. వారానికో షిఫ్టు. ఒక వారం పొద్దున, ఒక వారం మధ్యాహ్నం, ఒక వారం రాత్రి. ఈ మనిషి ఒంటికి పొద్దేదో మాపేదో తెలియకుండా పోయింది. పిల్లలు పగటిపూట ఇంట్లో గుసగుసగా మాట్లాడటం మరిగి బళ్లో కూడా అట్లాగే మాట్లాడుతున్నారని పంతులమ్మ చెప్పింది.

నవ్వుతావని ఒకటి రాస్తాను. దసరా సెలవుల్లో ఆయన నైట్ షిఫ్టు చేసి వచ్చి పడుకున్నాడు. నేను తట్టి, "పిల్లలను తీస్కొని ధర్మపురి పోయొస్త" అన్నాను. కళ్లు తెరిచే ఉన్నాయి. "సరే పో. బస్సుల పైలం" అన్నాడు. తాళంచెవి ఎక్కడుందో కూడా చెప్పాడు. నరసింహస్వామి దర్శనం చేసుకొని సాయంత్రం తిరిగొస్తే కాలనీ అంతా మా ఇంటి ముందే ఉంది.

"చెప్పకుంట పోతరా? లైను లైనంత దేవులాడిన!"

"చెప్పిన. నువ్వే సరే పో అన్నవ్."

"నేనా? నేనెప్పుడన్న?"

పక్క క్వార్టరు అంకయ్య నడుమ వచ్చి, "ఊకో చెల్లె, నిద్రల పెట్టిన సంతకం ఏ ఆఫీసుల చెల్లది" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన మాత్రం రెండు రోజులు మాట్లాడలేదు.

అందుకని శంకరవ్వ మాటలు పట్టించుకోకు. అలసిన ఒళ్లు నిద్రపోతుంది. అంతకంటే ఏమీ లేదు.

నాకు ఉన్న ఊరట ఒక్కటే వదినె. బాపు పోవడానికి మూడు నెలలు తీసుకున్నాడు. చివరి పది రోజులు దూదితో పెదవులు తడిపింది నువ్వూ నేనే గదా. ఆయన చూసిన చూపు నేను ఇంకా మరవలేదు. అన్నకు ఆ అవస్థ రాలేదు. ఎవరినీ పిలవకుండా, ఎవరినీ ఏదీ అడగకుండా నిద్రలో వెళ్లిపోయాడు. ఆ మాట తలుచుకొనే నేను తిరుగుతున్నాను. సంవత్సరికం నాడు అందరి ముందు నా కల చెప్తాను.

నీ లీల


సుల్తానాబాద్,
1 మార్చి 1987

లీలకు,

మొన్న శివరాత్రికి ఉపవాసం ఉండి గుడిలో జాగారం చేశాను. పంతులు పురాణం చెబుతూ మెలకువ, కల, గాఢనిద్ర అని మనిషికి మూడు అవస్థలుంటాయని, మూడింటిలోనూ ఉండేవాడు ఒక్కడేనని అన్నాడు. ఆడవాళ్లలో ఎవరో లేచి, మరి కలలో చేసిన పాపం తగులుతుందా అని అడిగారు. తగలదు, కల కలే అన్నాడు. అందరూ తృప్తిగా తలలూపారు. నేను అడగాలనుకున్నది వేరు. అక్కడ అడగలేకపోయాను. నిన్ను అడుగుతున్నాను.

కలలో చేసిన పని చేసినట్టా, చేయనట్టా?

నాకు కలలు రావడం లేదని రాశాను. చివరగా వచ్చిన కల ఒకటి ఉంది. అది రాయలేదు.

ఆ రోజు తెల్లవారుజాము నుంచి మామిడికాయలు కొట్టి తొక్కు పెట్టాను. రెండు పెద్ద జాడీలు. లింగారావు, నిర్మల పెద్దపల్లిలో పెళ్లికి వెళ్లారు. మీ అన్న పన్నెండున్నరకు అన్నం తిన్నారు. కొత్త తొక్కు రెండుసార్లు వేయించుకున్నారు. వంటింటి పక్క అర్రలో ఆయన మంచం మీద, నేను కింద చాప మీద పడుకున్నాం. నీళ్ల రంజను ఆ అర్రలోనే మూలకు ఉంటుంది, చూశావు కదా. పెరట్లో ఎల్లక్క గిన్నెలు తోముతున్న చప్పుడు వింటూ కళ్లు మూశాను.

కలలో ఆయన పిలిచారు. నన్ను పేరుతో ఎప్పుడూ పిలవరని నీకు తెలుసు. "ఇగో, ఇన్ని నీళ్లు" అన్నారు. నేను లేచాను. మోకాలు పట్టేసింది, గోడ ఆనుకొని లేచాను. రంజను మూత తీసి ముంచాను. గ్లాసు చల్లగా ఉంది. ఆయన సగం తాగి చాలన్నారు. గ్లాసు బోర్లించి వచ్చి మళ్లీ పడుకున్నాను.

మెలకువ వచ్చేసరికి మూడున్నర. చాయ్ పెడదామని లేచాను. ఆయనను పిలిచాను. తరువాతిది నీకు తెలుసు. డాక్టరు వచ్చి చూసి, గుండె ఆగింది, రెండు గంటలు దాటింది, నిద్రలోనే అయి ఉంటుంది అన్నాడు. అప్పటి నుంచి అందరూ ఆ మాటే అంటున్నారు.

డాక్టరు వెళ్లాక నేను రంజను దగ్గరికి పోయాను. గ్లాసు పొడిగా ఉంది. లోపల వేలు పెట్టి చూశాను. మూత మీద పొద్దున నేను వేసిన తడిగుడ్డ వేసినట్టే ఉండి, ఎండి అట్టకట్టింది. దాన్ని ఎవరూ కదపలేదు. అంటే నేను లేవలేదు.

ఆయన పిలిచింది కూడా కలలోనేనా? లేక బయట పిలిచారా? కల దానంతట అది వచ్చిందా, ఆయన పిలుపుతో వచ్చిందా? పిలుపు నిజమైతే నేను కలలో నీళ్లిచ్చి, ఇచ్చాననే నిమ్మళంతో పడుకున్నాను. ఆయన మంచం మీద ఎదురుచూస్తూ ఉన్నారు.

పొద్దున రామనామం చెప్పుకుంటాను. నోరు దానంతట అదే చెబుతుంది. వంద దాటిందని పూసలు చెబుతాయి. నేను అక్కడ ఉన్నానో లేదో తెలియదు.

పెరట్లో ఎల్లక్క ఉంది. ఆమె రోజూ వస్తుంది, గిన్నెలు తోముతుంది. పది నెలలుగా నేను ఆమెను అడగలేదు. మీ కంపెనీ దవాఖానా డాక్టరు నిద్ర సంగతులు తెలిసినవాడని ఎప్పుడో చెప్పావు. వీలైతే ఆయనను అడుగు. పేరు చెప్పకుండా అడుగు.

జానకి


శ్రీరాంపూర్,
9 మార్చి 1987

వదినెకు,

నీ జాబు అందింది. చదివాను. మా ఆయన నైట్ షిఫ్టులో ఉన్నాడు. పెద్దవాడికి పరీక్షలు.

ఇటువంటివి రాయవద్దు. ఎల్లక్కను అడగవద్దు. పోయినవాడు పోయాడు. డాక్టరు నిద్రలో అన్నాడు, అది చాలు.

నాకు ఇక్కడ ఎవరినీ అడిగే తీరిక లేదు.

లీల


సుల్తానాబాద్,
25 మార్చి 1987

లీలకు,

నీ ఉత్తరం చేరింది. నువ్వు చెప్పినట్టే ఎల్లక్కను అడగలేదు.

ఉగాది దగ్గరకొచ్చింది, మన ఇంట్లో పండుగ లేదు. సంవత్సరికానికి పంతులు సామాను పట్టీ ఇచ్చాడు. లింగారావు చెప్పులు కొనుక్కొచ్చాడు. మీ అన్న కాలి కొలత అడిగితే వెంటనే చెప్పాను. మామిడికాయలు వస్తున్నాయి. ఈసారి తొక్కు నిర్మల పెడుతుంది.

మధ్యాహ్నాలు నేను పడుకోవడం లేదు. కూర్చొని ఉంటాను.

మే రెండు నాటికి వస్తే బాగుంటుంది. నీ ఇష్టం.

జానకి


శ్రీరాంపూర్,
12 ఏప్రిల్ 1987

వదినెకు,

నెల రోజులు నీకు రాయలేదు. రాయలేక కాదు. నీ మీద కోపం వచ్చింది. నిజం చెబుతున్నాను. నా దగ్గర ఉన్నదొక్కటే ఊరట అని రాస్తే, నువ్వు దాన్ని తీసుకుపోయావు. నీ ఉత్తరాన్ని బియ్యం డబ్బా కింద పెట్టాను. బియ్యం తీసినప్పుడల్లా అది అక్కడ ఉందని గుర్తొచ్చేది. ఒక రోజు గంజి వార్చడం మరచి అన్నం అంతా ముద్ద చేశాను. మా ఆయన, "నీ ఫికర్ ఏందో చెప్పవు, మాకు గీ జావ తినవెడుతున్నవ్" అన్నాడు.

మంగళవారం దవాఖానాకు పోయాను. డాక్టరును అడిగాను. పేరు చెప్పలేదు. చుట్టాలామె అన్నాను.

మనిషి నిద్రపోయినా చెవి పూర్తిగా నిద్రపోదట. బయట చప్పుడు లోపలికి పోతుందట. నిద్ర చెడకుండా ఉండటానికి మనసు ఆ చప్పుడును కలగా మార్చుకుంటుందట. ఆయన నవ్వుతూ చెప్పాడు, "మీ గని మనుషులు ఎందరో నా దగ్గరికొస్తరమ్మా. సైరను కూస్తది. కలలనే లేస్తరు, తానం జేస్తరు, బూట్లు తొడుక్కుంటరు, టోపీకి లైటు పెట్టుకొని గనిల దిగుతరు. కండ్లు తెరిస్తే మంచం మీదనే ఉంటరు, నాగా పడుతది. గది ఒళ్లు బద్ధకం గాదు. ఆ మనిషి పని జేసిన్ననే అనుకుంటడు" అని.

నేను అడిగాను, "మరి సైరను కూయకున్నా గా కల రావచ్చా?"

"రావచ్చు. రోజూ జేసే పని గద, ఊకెనే రావచ్చు" అన్నాడు.

అంటే ఆయనకూ తెలియదు వదినె.

ఇంకొకటి చెప్పాలి. నాకు కల రాలేదు. వరండా, ఇనుప కుర్చీ, తెల్ల ధోవతి, అన్నీ నేను అల్లినవే. పదకొండో రోజు నువ్వు రాయిలాగ కూర్చున్నావు. కంట నీరు లేదు. ఎవరేం పెట్టినా తింటున్నావు. నాకు భయం వేసింది. నిన్ను కదిలించడానికి ఏదో ఒకటి చెప్పాలని చెప్పాను. నువ్వు కదలలేదు గానీ, చుట్టూ ఉన్నవాళ్లంతా ఏడ్చారు. ఆ తరువాత నలుగురికీ చెప్పి చెప్పి, నేనే దాన్ని నమ్మాను. "ఎవరినీ పిలువలే" అని అన్నతో అనిపించింది నేనే.

నీ జాబు వచ్చేదాకా అది అబద్ధమన్న సంగతి కూడా నేను మరచిపోయాను.

అడగవద్దని రాశాను. అడుగు. ఎల్లక్కను అడుగు. ఆయన నాకూ అన్నే. పిలిచాడో లేదో నాకూ తెలియాలి. ఏం చెప్పినా దాచకుండా రాయి. నువ్వు కాపురానికి వచ్చినప్పుడు నేను ఎనిమిదేండ్ల పిల్లను, ఆనాటి నుంచి నా తల దువ్వి జడ వేసిన మనిషివి. నీ మీద నాకు కోపం నిలవదు. నిలిచిందనుకున్నాను, నిలవలేదు.

నీ లీల


సుల్తానాబాద్,
22 ఏప్రిల్ 1987

లీలకు,

వదిన ఆశీస్సులు.

నీ ఉత్తరం వచ్చిన మూడో రోజు అడిగాను. పొద్దున తొమ్మిదయింది. నిర్మల తులసికోట దగ్గర ఉంది. నేను పెరట్లో ఎల్లక్క పక్కన పీట వేసుకొని కూర్చున్నాను. ఆమె కొంచెం వింతగా చూసింది. నేనెప్పుడూ అట్లా కూర్చోలేదు.

"ఎల్లక్కా, దొర పోయిన దినం నువ్వు ఈడనే ఉన్నవ్ గద?"

"ఉన్న దొరసానీ. తొక్కు గిన్నెలు తోముతుంటి. ఎంత తోమినా నూనె వదలకపాయె."

"దొర పిలిచిండా?"

ఆమె చెయ్యి ఆగలేదు. "పిలిచిండు. నీకు యాది లేదా? ఇగో, ఇన్ని నీళ్లు అన్నడు. రెండుసార్లు."

"ఎట్ల పిలిచిండు?"

"రోజు పిలిచినట్లే. గట్టిగ గాదు. నువ్వు లేస్తలేవని నేనే చేతులు కడుక్కొని వచ్చిన. దర్వాజ కాడికొచ్చిన. గప్పుడే నువ్వు పలికినవ్. ఆఁ, తెస్తున్న అన్నవ్. దొరా దొరసాని పండుకున్న అర్ర. దొరసాని పలికినంక నేను లోపటికెందుకు వస్త? మర్లిపోయి గిన్నెల కాడ కూసున్న."

నేను పలికానట, లీలా. బయటికి, ఆమెకు వినపడేటట్టు. ముప్పై రెండేళ్లుగా ఆ పిలుపుకు ఇంట్లో ఏ మూల ఉన్నా ఆఁ అని పలికాను. నేను నిద్రపోతే నా నోరు పలికింది. వచ్చే మనిషి నా మాట విని వెనక్కి పోయింది. నేను పలకకుండా మొద్దులాగ పడి ఉన్నా ఆయనకు నీళ్లు అందేవి.

"మల్ల పిలిచిండా?" అని అడిగాను.

"పిలువలే. తాగి పండుకున్నడనుకున్న." అప్పుడు ఆమె గిన్నె పక్కన పెట్టింది. "మా వాడల అందరికి గదే చెప్త దొరసానీ. మా దొర పెండ్లాం చేతి నీళ్లు తాగి పోయిండు, గసొంటి సావు ఎవలకొస్తది అని. మా ముసలోడు పోయిననాడు నేను నాటుకు పోతి. ఇంట్ల ఎవ్వలు లేరు. మంచం కాడ ముంత ఒరిగి ఉండె. వాడు తాగిండో, చెయ్యి తాకి పడ్డదో, పన్నెండేండ్లాయె, గిప్పటికి తెలువది." నా ముఖంలోకి చూసింది. "దొర తాగిండు గద?"

"తాగిండు ఎల్లక్కా" అన్నాను.

ఆమె తలూపి మళ్లీ గిన్నె అందుకుంది.

నేను లోపలికి వచ్చి దేవుని ముందు కూర్చున్నాను. ఏడుపు వస్తుందేమోనని చూశాను. రాలేదు. నిర్మల వచ్చి పప్పు ఏం వేయమంటావని అడిగింది. కంది పప్పు అని చెప్పాను.

డాక్టరు గుండె ఆగిందన్నాడు, నీళ్లు తాగినా ఆయన బతికేవారో లేదో తెలియదు. ఆ లెక్క నేను వేయడం మానుకున్నాను. దాహం తీరేది. అంతవరకు తెలుసు.

నువ్వు దాచకుండా రాయమన్నావు, రాశాను. నీ దగ్గరున్న ఊరట నా చేతులతోనే పోయింది. నీవైపు చూసే ధైర్యం నాకు ఉందో లేదో నువ్వు వచ్చాక తెలుస్తుంది. అయినా రా. మే రెండు నాటికి రా.

సంవత్సరికం నాడు నీ కల చెప్పు. లింగారావు అడుగుతాడు, చెప్పకపోతే ఎందుకని ఆరా తీస్తాడు. తెల్ల ధోవతి, కుర్చీ, బాధ కాలేదన్న మాట, అన్నీ చెప్పు. "ఎవరినీ పిలువలే" అన్న మాట ఒక్కటి తీసెయ్. ఎల్లక్క కూడా అక్కడే ఉంటుంది, వింటుంది. ఆయన పిలిచారని ఆమెకు తెలుసు. పిలిచి, నీళ్లు తాగి, నిద్రపోయారని ఆమె నమ్మకం. అది అట్లాగే ఉండనీ. నిజం తెలిస్తే ఆమె గడప దాకా వచ్చి మర్లిపోయిన ఆ నాలుగడుగులు జీవితాంతం నడుస్తుంది. ఆమెకు ఉన్నది ఆమెకు చాలు.

నన్ను అడిగితే నాకు కల రాలేదనే చెబుతాను. శంకరవ్వ ఏమన్నా అననీ.

ఈ ఉత్తరాలు చింపవద్దు. బియ్యం డబ్బా కింద నుంచి తీసి ఎక్కడైనా భద్రంగా దాచు. జనార్దన్‌రావుకు గానీ, పిల్లలకు గానీ చూపవద్దు. ఇకమీదట ఎవరడిగినా ఆయన నీళ్లు తాగే పోయారని అంటాను. నువ్వు నీ కలను నమ్మినట్టు, అనగా అనగా నేనూ దాన్ని నమ్మే రోజు వస్తుంది. ఆ రోజుకు ఎక్కడో ఒకచోట, ఒక కాగితం మీదనైనా, ఆయన రెండుసార్లు పిలిచి నీళ్లడిగిన సంగతి ఉండాలి.

మీ వదిన,
జానకి